స్టేడియమంతా పట్టే లెన్సు

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో మా బావా నేనూ కలిసి ఒక ఫోటో స్టూడియో నడిపేవాళ్లం. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు, హాల్ టిక్కెట్ల ఫోటోలు, అదే మా కళాసేవ. అలాంటి రోజుల్లో మా ఊళ్లో పెద్ద కబడ్డీ పోటీలు పెట్టారు. కాలేజీ మైదానం చుట్టూ సరుగుడు కర్రలతో గ్యాలరీలు కట్టించి, కమిటీ ప్రెసిడెంటుగారు దానికి స్టేడియం అని పేరు పెట్టేశారు. ఆయన బెల్లం వ్యాపారి. కర్రలు కట్టించినవారికి ఆపాటి హక్కు ఉంటుంది.

ఆయన మమ్మల్ని పిలిపించి కోరింది ఒకే ఒక్క ఫోటో. అందులో గ్యాలరీలన్నీ రావాలి, జనమంతా రావాలి, ఆట కనపడాలి, తన మొహం స్పష్టంగా ఉండాలి. ఇంకేమీ అక్కర్లేదన్నారు.

మా దగ్గరున్నది పైనుంచి తొంగిచూసి తీసే పాత కెమెరా. మైదానం మూలన నిలబడి చూస్తే అందులో ఒక గ్యాలరీ, పక్కదానిలో సగం పట్టాయి. ముక్కలు ముక్కలుగా తీసి పక్కపక్కన అతికిద్దామన్నాడు బావ. ప్రాక్టీసు ఆట జరుగుతుంటే అలాగే తీసి అతికించాం. ఒకే ఆటగాడు కోర్టుకు ఈ చివరా ఉన్నాడు, ఆ చివరా ఉన్నాడు. తనను తానే పట్టుకోబోతున్నట్టున్నాడు. బావకు అది చాలా నచ్చింది.

నేను బస్సెక్కి విశాఖపట్నం వెళ్లాను. కెమెరా సామాన్లు అద్దెకిచ్చే షాపాయన బల్ల మీద మూడు లెన్సులు పెట్టాడు. మొదటిది ముప్ఫై అయిదు ఎమ్మెమ్, గ్రూపు ఫోటోలకు బాగుంటుంది కానీ స్టేడియానికి చాలదు. రెండోదాన్ని చేపకన్ను అంటారట. అందులోంచి చూస్తే షాపంతా దిబ్బరొట్టెలా గుండ్రంగా కనపడింది, నా చెప్పులతో సహా. అసలే వంకర కర్రల గ్యాలరీలు, వాటిని ఇంకా వంచి చూపిస్తే మళ్లీ ఎవరూ ఎక్కరు. మిగిలింది ఇరవై ఎనిమిది ఎమ్మెమ్. గీతలు వంచదు, వెడల్పు చాలినంత పడుతుంది. దానికి సరిపడే కెమెరాతో సహా అదే తీసుకున్నాను. దూరంగా ఉన్నవన్నీ బాగా చిన్నవైపోతాయని షాపాయన హెచ్చరించాడు. మా ప్రెసిడెంటుగారు చిన్నవారయ్యే మనిషి కాదని ఆయనకేం తెలుసు.

ఫైనల్ రోజున నాతవరం నుంచి, గొలుగొండ నుంచి జనం బండ్లలో, ట్రాక్టర్లలో దిగారు. మూల గ్యాలరీ వెనక చెరకు ట్రాలీ పెట్టించి, దాని మీద బల్ల, బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కాను. స్టూలు పడిపోకుండా బావ పట్టుకున్నాడు, అంటే ఆట చూస్తూ ఒక చేత్తో. ప్రాణం మీద ఆశ వదులుకుని కంటికి కెమెరా ఆనించాను. అంతా పట్టింది.

ప్రింటు తీసుకెళ్లి ఇస్తే ప్రెసిడెంటుగారు కళ్లజోడు పెట్టుకున్నారు, తీశారు, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇందల నానేడున్నాను బాబూ?"

వేలు పెట్టి చూపించాను. వేలు తీశాక మళ్లీ కనపడలేదు.

"ఇదేటి, నువ్వులు సల్లినట్టున్నాది," అని వెనక్కి ఇచ్చేశారు.

నాకు బాధేసింది. అంత మంచి ఫోటో నేను అంతకు ముందెప్పుడూ తీయలేదు. పెద్ద ప్రింటు వేసి స్టూడియో అద్దం వెనక తగిలించాను. దారినపోయేవాళ్లు ఆగి తమను వెతుక్కోవడం మొదలుపెట్టారు. నాతవరం వాళ్లిద్దరు ఒకే చుక్క నాదంటే నాదని పోట్లాడుకున్నారు. చేపలమ్మే ఒకావిడ తట్ట దించి, చాలాసేపు చూసి, ఎర్రచీర బట్టి తనను తాను గుర్తుపట్టింది. అది బ్లాక్ అండ్ వైట్ ఫోటో. ఆవిడ మొహంలో సంతోషం చూశాక ఆ సంగతి నేనెత్తలేదు.

ఊరంతా కనపడుతున్న ఫోటోలో తాను లేకపోవడం ప్రెసిడెంటుగారు ఎన్నాళ్లని ఓర్చుకుంటారు? ఒక సాయంత్రం ఆయనే వచ్చారు. అద్దానికి ముక్కు ఆనించి వెతికి, చివరికి కోర్టు పక్కన తెల్లగా, నిండుగా, చుట్టూ ఉన్నవాళ్లందరికన్నా లావుగా ఉన్న ఆకారాన్ని చూపించారు.

"ఇదిగో, నానే గదేటి. ముందే సెప్పొచ్చు కదా."

అది తెల్లగుడ్డ చుట్టిన మంచినీళ్ల డ్రమ్ము. బావ నా వైపు చూశాడు. అవునండీ, చాలా బాగా పడ్డారండీ అన్నాను. తన దుకాణంలో తగిలించుకోవడానికి అంతకన్నా పెద్ద ప్రింటు వెంటనే కావాలని చెప్పి వెళ్లారు.