డిక్కీలో మందు

పోయినవి ముందు చెప్తాను. పాలుకు తెచ్చుకున్న ఆడ గొర్రెలు ఇరవై తొమ్మిది. సొంతవి ఏడు. పిల్లలు పందొమ్మిది. పొట్టేలు ఒకటి. మొత్తం యాభై ఆరు. ఇవి కాక టీకా సీసాలు రెండు, థర్మాకోల్ పెట్టె ఒకటి, కారు వెనక సీటు కింది రేకు పట్టీ ఒకటి. ఆ పట్టీ ఊడదీసినవాళ్ళు మళ్ళీ బిగించలేదు. నేనూ అడగలేదు.

గొర్రెలు మా చెల్లెలివి. ఆమెది జమ్మలమడుగు వైపు ఒక మెట్ట ఊరు. శనగ వరసగా దెబ్బ తీశాక భార్యాభర్తలిద్దరూ గొర్రెల మీద పడ్డారు. సొంతానికి ఉన్నవి పన్నెండే. ప్రొద్దుటూరు షావుకారు ఒకాయన దగ్గర నలభై ఆడ గొర్రెలు పాలుకు తెచ్చుకున్నారు. పాలు అంటే, గొర్రెలు ఆయనవి, మేపు వీళ్ళది, పుట్టిన పిల్లలు చెరి సగం. గడువు తీరాక ఎన్ని తెచ్చుకున్నారో అన్నీ తిరిగి తోలాలి. నలభై పోతే వాళ్ళ ఇంట్లో మిగిలేది అప్పు ఒక్కటే.

ఆ మే నెలలో పక్కవాళ్ళ మందలో పారుడు రోగం పడింది. నోరు పుండై, పారుకొని, మేత ముట్టకుండా చచ్చిపోతున్నాయి. చెల్లెలి మందలో అప్పటికి ఇంకా రాలేదు. ఊరి పశువుల ఆసుపత్రిలో టీకా అయిపోయింది. అక్కడి అసిస్టెంటు ఫోన్‌లో నాకే చెప్పాడు: "రోగం తగలకముందు వేస్తే నిలబడతాయి సార్. కర్నూలులో దొరికితే తెప్పించండి. మంచులోనే రావాల. వేడి తగిలితే అది మందు కాదు, నీళ్ళు."

నేను బేతంచెర్లలో ఒక పాలిష్ బండల యార్డులో లెక్క చూస్తాను. ఎనిమిదో తరగతితో బడి అయిపోయింది. చదరపు అడుగులు, లారీ బరువులు, తరుగు, అన్నీ పని మీద పట్టుకున్నవే. నాకో పాత కారుంది కాబట్టి, తెచ్చేది నేనే అన్నాను.

కర్నూలులో రెండో దుకాణంలో దొరికింది. యాభై మోతాదుల సీసాలు రెండు తీసుకున్నాను. మందలో పిల్లలతో కలిపి ఎనభై ఒకటి ఉన్నాయి కాబట్టి సరిపోయి మిగులుతుంది. దుకాణం ఆయన సీసాల చుట్టూ మంచు గడ్డలు పేర్చి, బిల్లు ప్లాస్టిక్ కవరులో పెట్టి దాన్నీ లోపలే వేసి, మూత చుట్టూ టేపు తిప్పాడు. "సాయంత్రం దాకా ఢోకా లేదు. నీడలో పెట్టండి, మూత మాత్రం తీయొద్దు" అన్నాడు.

పెట్టె డిక్కీలో అటూ ఇటూ జరుగుతుంటే, అక్కడే పడి ఉన్న తీగతో కొక్కేనికి బిగించి కట్టాను. సన్నటి తీగ, ఎరుపొకటి, పసుపొకటి. గనిలో రాయి పేల్చాక మిగిలిపోయే తీగ అది. మా బేతంచెర్లలో అన్నం క్యారియర్ నుంచి బట్టల దండెం దాకా అన్నీ దానితోనే కడతాం. ఎవరూ దాన్ని రెండోసారి చూడరు.

బనగానపల్లె దాటాక నాపరాళ్ళ గనుల మధ్య ఒక మలుపులో పోలీసులు కార్లు ఆపుతున్నారు. నన్నూ ఆపారు. కుర్ర వయసు ఎస్సై ఒకడు, నెరిసిన మీసాల హెడ్ కానిస్టేబుల్ ఒకాయన, ఇంకా ఇద్దరు.

"యాడికి పోతాండావప్పా?" అన్నాడు హెడ్డు.

"జమ్మలమడుగు దగ్గర సార్. మా చెల్లెలి ఊరికి."

లైసెన్సు, ఆర్సీ చూశాడు. సరిగ్గానే ఉన్నాయి. వెనక్కి ఇవ్వబోతుండగా ఫోన్ మోగింది. అది కారు స్పీకరుకు కలిపి ఉంటుంది, దానంతట అదే ఎత్తుకుంటుంది. చెల్లెలి గొంతు కారంతా నిండింది.

"అన్నా, మందు సిక్కెనా? ఇయ్యాలే వేసేయాల నా. పక్కోళ్ళకి మాత్రం తెలీనీయొద్దు, తెలిస్తే మీద పడతారు."

మాకూ నాలుగు మోతాదులు ఇవ్వమని పక్కవాళ్ళు మీద పడతారని ఆమె భయం. మా చెల్లెలి ఇంట్లో మందు అంటే టీకా. బ్రాందీ షాపు ముందు నిలబడితే మందు ఇంకొకటి. ఆ గనుల దారిలో మందు అంటే రాయి పేల్చేది. ఈ జిల్లాల పాత కక్షలు తెలిసిన పోలీసుకు మందు అంటే ఏమిటో, వేసేయడం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

నేను ఫోన్ ఆపేద్దామని చెయ్యి చాపాను.

"చెయ్యి తియ్" అన్నాడు ఎస్సై. "దిగు. ఏం పని చేస్తావు?"

"బేతంచెర్లలో సార్. బండల యార్డులో."

చెప్తుండగానే నాకు అర్థమైంది. మొన్న ఆ పక్క గనిలోనే పేలుడు మందు పోయిందని మా యార్డులో అనుకున్నారు, వాళ్ళు వెతుకుతున్నది దాన్నే. బండల యార్డు, మందు, వేసేయాల, పక్కోళ్ళకి తెలీనీయొద్దు. ఈ నాలుగూ ఎవరు కూడినా అదే మొత్తం వస్తుంది.

"గొర్రెల మందు సార్. టీకా."

"ఇప్పుడు గొర్రెలు గూడా తాగుతాండాయా?" అన్నాడు హెడ్డు. ఎస్సై నవ్వలేదు.

"బిల్లు?"

"పెట్టెలో ఉంది సార్."

"డిక్కీ తెరువు."

నేనే తాళం తిప్పి తెరిచాను. హెడ్డు వంగి చూశాడు. తెల్ల పెట్టె, చుట్టూ టేపు, దాని కింద నుంచి వచ్చి కొక్కేనికి చుట్టుకున్న ఎర్ర తీగ, పసుపు తీగ. ఆయన వెనక్కి నడిచాడు. మెల్లగా, కాలి కింద నేల చూసుకుంటూ. "సార్, దూరం రాండి" అన్నాడు.

తర్వాత అన్నీ తొందరగా జరిగాయి. కారు తాళాలు తీసుకున్నారు. దారి రెండు వైపులా ఆపేశారు. నన్ను ఒక రాళ్ళ కుప్ప వెనక కూర్చోబెట్టి ఒక కానిస్టేబుల్ పక్కన నిలబడ్డాడు. జిల్లా కేంద్రం నుంచి బాంబు స్క్వాడ్‌ను పిలిపించారు. డిక్కీ మూత తెరిచే ఉంది. ఎండ నేరుగా పెట్టె మీద పడుతోంది.

"సార్, నేనే పోయి తెరుస్తా. మీరంతా దూరంగా ఉండండి."

"నీకేమన్నా అయితే రాయాల్సింది నేను" అన్నాడు ఎస్సై.

"డిక్కీ మూతన్నా వేయనీండి సార్. మంచు కరుగుతాంది."

"ఎవరూ ముట్టుకోకూడదు. అంతే."

అతని నుదుటి మీద చెమట కారుతోంది. నాకంటే అతనే ఎక్కువ భయపడుతున్నాడు. అతని స్థానంలో నేనున్నా ఆ తీగ చూసి అదే చేసేవాణ్ణి. అది తెలిసీ అతని మీద కోపం ఆగలేదు.

మధ్యవర్తులుగా ఇద్దరిని పట్టుకొచ్చారు. ఒకడు టీ బంకు ఆయన, ఒకడు ఆగిపోయిన నాపరాళ్ళ లారీ డ్రైవరు. సోదా చేసేటప్పుడు బయటివాళ్ళు ఇద్దరు చూడాలని రూలు. వాళ్ళు నా పక్కనే కుప్ప వెనక కూర్చున్నారు.

"పేలితే ఇంత దూరం సాలునా మామా?" అన్నాడు డ్రైవరు.

"సాలదు. ఇంగో పది బారలు పోదాం పద."

"పోతే కనపడదు గదా. సూసినామని సంతకం పెట్టాలంట."

"నువ్వు సూడు. నేను నీ మాట మీద పెడతా." ఆయన నా వైపు తిరిగాడు. "నిజంగా గొర్రెల మందేనా అప్పా?"

"పారుడు రోగానికి."

ఆయన కారు వైపు చూసి నాలుక చప్పరించాడు. "ఈ ఎండకి ఇంకేం మందప్పా అది."

తాళం తీసినా ఆ కారు స్పీకరు ఆరదు. లోపల ఫోన్ మోగింది. చెల్లెలే. ఎత్తుకున్న శబ్దం వచ్చింది, "నా, యాడుండావు, నా" అని రెండుసార్లు వినిపించి ఆగింది. కాసేపటికి మళ్ళీ. నేను ఇక్కడి నుంచి అరిచి చెప్తానంటే కానిస్టేబుల్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. నేను మంచు లెక్క వేయడం మొదలుపెట్టాను. ఎన్ని గడ్డలు పేర్చాడు, పెట్టె గోడ ఎంత మందం, ఎండ ఎంత. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ స్క్వాడ్ రాకముందే మంచు అయిపోయింది.

వాళ్ళు వచ్చేసరికి నీడలు సాగాయి. ముందు కుక్కను వదిలారు. అది డిక్కీ వాసన చూసి, చక్రాల వాసన చూసి, కారు నీడలో పడుకొని నాలుక చాపింది. మందపాటి చొక్కా తొడుక్కున్న మనిషి తీగను కత్తిరించి పెట్టె తెరిచాడు. నీళ్ళు. నీళ్ళలో రెండు సీసాలు, పైన తేలుతున్న బిల్లు కవరు. ఎస్సై కవరు తుడిచి పైకెత్తి చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత సీట్లు కూడా ఎత్తించి చూశారు.

"టీకా అని ముందే సరిగ్గా చెప్పాల గదప్పా" అన్నాడు ఎస్సై. తాళాలు నా చేతిలో పెట్టి, దారి తెరిపించడానికి వెళ్ళిపోయాడు.

చెల్లెలి ఊళ్ళో అసిస్టెంటు సీసాను అరచేతిలో పట్టుకున్నాడు. అతను చెప్పకముందే మొహం చెప్పింది. "గోరువెచ్చగా ఉండాది సార్. ఇది వేసి, వేసినామని ధైర్యంగా ఉంటే ఇంకా మోసం."

"పని చేస్తాదేమో వేసి చూడు నాయనా" అంది చెల్లెలు.

అతను వేయలేదు. ఇంకో సీసా కోసం మర్నాడు నేను మళ్ళీ కర్నూలు పోతే సరుకు అయిపోయింది. కడప నుంచి టీకా తెప్పించేసరికి మందలో మూడు గొర్రెలు మూతులు వేలాడేశాయి. మిగిలినవాటికి వేశారు. వేసినవాటిలోనూ పోయినవి పోయాయి. అసిస్టెంటు ఎక్కడికక్కడ గుంటలు తీయించి, సున్నం చల్లి, వెంటనే పూడ్పించాడు. ఆలస్యం చేస్తే ఊరంతా అంటుకుంటుందన్నాడు.

నా లోపల ఒక్క ప్రశ్నే తిరుగుతుండేది. వాళ్ళు నా కారు అట్లా సోదా చేయవచ్చునా? కర్నూలులో మా యార్డు కేసులు చూసే లాయరును అడిగాను.

"ఆపడం వేరు, కాగితాలు అడగడం వేరు, డిక్కీ తీయించడం వేరు" అన్నాడాయన. "ఊరికే అనుమానం వచ్చిందని తీయించకూడదు. కోర్టు వారెంటన్నా ఉండాల. లేదంటే, నేరానికి సంబంధించిన వస్తువు లోపల ఉందని నమ్మడానికి కారణం ఉండాల, వారెంటు తెచ్చేలోపల అది మాయమైతాదని ఉండాల. ఆ కారణం కాగితం మీద పెట్టాల. సాక్షులు ఉండాల, ఇప్పుడు వీడియో కూడా తీయాల. ఇవన్నీ చేసినారా?"

"కారణం రాసినారు. సాక్షులున్నారు. ఫోన్‌లో వీడియో కూడా తీసినారు."

"కారణం ఏమని?"

"మందు అని ఫోన్‌లో విన్నామని. తీగ చూసినామని."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "డిక్కీ ఎవరు తెరిచినారు?"

"నేనే."

"ఇంగేమప్పా. తీయించడం చెల్లుతాది. ఎండలో అట్లా వదిలేయడం తప్పని వాదించొచ్చు. కానీ జడ్జి నిన్ను ఒక్కటే అడుగుతాడు. ఆ సీసాలు చల్లగా చేరి ఉంటే ఎన్ని గొర్రెలు బతికేవి?"

నాకు తెలియదు. కొన్నిటికి రోగం అప్పటికే తగిలి ఉండొచ్చని అసిస్టెంటు చెప్పాడు. నా బతుకంతా లెక్కలతోనే గడిచింది, ఈ ఒక్కదానికి మాత్రం దారి దొరకలేదు. కేసు వేయలేదు.

షావుకారు మాత్రం వచ్చాడు. మంద చూశాడు, పూడ్చిన చోటు చూశాడు. పాలులో ఇంకో కట్టుబాటు ఉంది. రోగంతో చచ్చిన గొర్రె చెవి కోసి యజమానికి చూపిస్తే అది ఆయన నష్టం. చూపించకపోతే మేపినవాళ్ళ నష్టం. అమ్ముకొని చచ్చిందని చెప్పేవాళ్ళు ఉంటారని ఆ కట్టుబాటు.

"చెవులు యాడమ్మా?" అన్నాడు.

"డాక్టరు కోయనీయలేదన్నా. తాకొద్దని అట్లనే పూడ్పించినాడు."

"డాక్టరు మాట డాక్టరుది. పాలు మాట పాలుది గదమ్మా."

"తవ్వి చూసుకో అన్నా, సున్నంలో ఉండాయి" అంది చెల్లెలు. "పోలీసోళ్ళు నీ గొర్రెల మందును ఎండలో పెట్టినప్పుడు వాళ్ళనడగాల్సింది చెవులు."

ఆయన తన గొర్రెల్లో మిగిలినవి ఎంచాడు. చెడ్డ మనిషి కాదు. మిగిలిన పదకొండునీ తోలుకుపోకుండా ఆమె దగ్గరే ఉంచాడు, పెంచి కొన్ని కొన్నిగా తోలమన్నాడు, గడువు అడగనన్నాడు. లెక్క మాత్రం తగ్గించలేదు.

కిందటి ఏడు చెల్లెలు తొమ్మిది తోలింది. ఈ ఏడు ఎనిమిది. నలభైలో ఇంకా తోలాల్సినవి ఇరవై మూడు.