ఎర్తుకు రెండు బిందెల నీళ్ళు

మొన్న కుప్పంలో మా మనవరాలు పాత వాల్వుల గిటారు యాంప్లిఫయరు ఒకటి ఇంటికి తెచ్చి, స్విచ్చి వేయగానే అది గుయ్యిమని మొదలుపెట్టేసరికి, ఫోనులో వెతికి మార్చాల్సిన పార్టులంటూ ఇంత పొడుగు పట్టీ రాసుకుంది. అది చూసి నాకు నవ్వాగలేదు. ఇంచుమించు అవే పార్టులు మార్చి నేనూ ఒకప్పుడు భంగపడినవాణ్ణే. వాల్వులు వేడెక్కి రేడియో నోరు విప్పేదాకా వార్తల కోసం కాచుకున్న మన ఈడువాళ్ళకు ఆ గుయ్యిమనే శబ్దం గురించి వేరే చెప్పాలా!

అప్పట్లో నేను మదనపల్లెలో మా ఉస్తాద్ దగ్గర రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేసేవాణ్ణి. చేతికి పని, నెత్తికి పొగరు రెండూ వచ్చేసిన వయసు. ఉస్తాద్ ఐదు పూటలా నమాజుకు ముందు షాపు వెనక పెరట్లోకి వెళ్ళి, ఒక నాపరాయి మీద కూర్చుని, చెంబు నీళ్ళతో ముఖమూ చేతులూ కాళ్ళూ కడుక్కుని వచ్చేవారు. కొళాయి ఒక మూల ఉంటే ఆ రాయి ఇంకో మూల ఎందుకుందా అని నేను ఒక్కరోజూ ఆలోచించలేదు.

పుంగనూరులో మా బావ, అంటే అక్క భర్త, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. ఆయన వాల్వుల యాంప్లిఫయరు ఆ ఎండాకాలం ఉన్నట్టుండి గుయ్యిమనసాగింది. ఆర్కెస్ట్రా పెద్ద ఆదివారం మధ్యాహ్నం ఇంటికే వచ్చి వింటానన్నాడు. అప్పటికీ ఆ శబ్దం పోకపోతే ఈ ముహూర్తాలన్నిటికీ కుప్పం నుంచి ఇంకొకణ్ణి పిలుచుకుంటానని ముందే చెప్పేశాడు. ఆ సీజను పోతే బావకు ఏడాదంతా పని పోయినట్టే. ఆ రిపేరు నేనొక్కణ్ణే చేస్తానని ఉస్తాద్‌ను అడిగి మరీ తీసుకున్నాను.

ఆ బరువును ఒళ్ళో పెట్టుకుని బస్సులో మదనపల్లెకు తెచ్చి, కరెంటును వడగట్టే కెపాసిటర్లు మార్చి, షాపులో స్విచ్చి వేస్తే చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. గర్వంగా పుంగనూరుకు మోసుకెళ్ళి పెట్టానో లేదో మళ్ళీ గుయ్. ఇంకోసారి తెచ్చి వాల్వులు మార్చాను, షాపులో కిక్కురుమనలేదు, బావ ఇంట్లో మళ్ళీ అదే తంతు. మూడోసారికి బస్సు కండక్టరు నాతోపాటు దానికీ చోటు చూపించడం మొదలుపెట్టాడు. మా అక్కయితే, "నువ్వు చెయ్యి పెట్టినాక ఇంకా ఎక్కువగా అరుస్తాండాది, నీకు యాల ఇచ్చినామో ఏమో" అని మొహం మీదే అనేసింది. పాపం బావ మూడుసార్లూ ఒకటే మాట చెప్పాడు, తీగలు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటున్నాయని. నీరసమేమో, నిమ్మకాయ నీళ్ళు తాగమని నేను ఎగతాళి చేశాను.

ఆదివారం పొద్దున సిగ్గు విడిచి అంతా ఉస్తాద్‌తో చెప్పుకున్నాను. ఆయన ఒక్క స్క్రూడ్రైవరైనా తీసుకోకుండా నాతో బస్సెక్కారు. అక్కడ యాంప్లిఫయరు వైపు చూడనైనా చూడకుండా, ముందు బావ చెప్పిందంతా తీరిగ్గా విన్నారు. తర్వాత ఇంటి వెనక మీటరు కింద ఎర్తు పైపు పాతినచోట నెర్రెలిచ్చిన నేలను చెప్పుతో తట్టి, గుప్పెడు ఉప్పూ రెండు బిందెల నీళ్ళూ పోయమన్నారు. నీళ్ళకు కటకటలాడే రోజులు, అక్క నన్ను గుడ్లురిమి చూస్తూనే తెచ్చి పోసింది. నేల గటగటా తాగేసింది. లోపల స్విచ్చి వేసి ఉంచిన యాంప్లిఫయరు శబ్దం సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

"పెట్టెలో ఏమీ లేదప్పా, నేలలో ఉండాది. తడి లేకపోతే కరెంటు నేలలోకి యెట్ల దిగుతాది? ఆయప్ప చేతిలోనించే కదా పోతాది! ఆయన చెప్తానే ఉండాడు, నువ్వే యినలేదు" అన్నారు ఉస్తాద్. చెప్పుకంటిన మట్టి దులుపుకుంటూ, "మన షాపులో నేను కాళ్ళు యాడ కడుక్కుంటానో ఎప్పుడన్నా సూసినావా?" అని అడిగారు.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. షాపు ఎర్తు పైపు ఆ నాపరాయి పక్కనే ఉంది. రోజుకు ఐదుసార్లు తడిసే ఎర్తుకు తగిలించి పరీక్షిస్తే ఏ పెట్టె మాత్రం నోరు మూసుకోక ఏం చేస్తుంది! బాగున్న పార్టులన్నీ పీకి పారేసింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, బావకు పెద్ద షాకేమీ తగలనందుకు లోలోపల వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఆర్కెస్ట్రా పెద్ద వచ్చి విని తలూపాడు. బావ ఆ సీజనే కాదు, వేళ్ళు ఆడినన్నాళ్ళూ ఆ ఆర్కెస్ట్రాలోనే వాయించాడు. పెట్టె విప్పే ముందు మనిషిని మాట్లాడనివ్వడం నాకు ఆరోజు నుంచే అలవాటైంది, ఆ అలవాటుతోనే నా బతుకు హాయిగా గడిచింది.

అందుకే మొన్న మనవరాలిని పట్టీ పక్కన పెట్టి, తీగలు ముట్టుకుంటే ఎట్లుందని అడిగాను. "జివ్వుమంటాండాది తాతా" అంది. వెంటనే ప్లగ్గు పీకించి, ఇద్దరమూ వెనక్కి వెళ్ళి ఎర్తు దగ్గర బిందెలు వంచాము. మళ్ళీ స్విచ్చి వేశాక గుయ్యిమన్న శబ్దం పోయి, మనవరాలి నవ్వొక్కటే వినబడింది.

మదనపల్లెలో మా షాపు ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. పెరడంతా సిమెంటు చేశారు, నాపరాయి ఏమైందో తెలియదు. ఉస్తాద్ పోయి చాలా ఏళ్ళయింది. ఎర్తుకు నీళ్ళు పోయడం మరిచిపోకుండా మా మనవరాలు ఫోనులో అలారం పెట్టుకుంది. ఉస్తాద్‌కు ఆ అవసరం రాలేదు. మసీదు నుంచి అజాన్ వినబడగానే చేతిలో పని ఆపి లేచేవారు, ఆయన కాళ్ళు కడుక్కున్న నీళ్ళతోనే మా షాపులో పెట్టెలన్నీ నిమ్మళంగా పాడేవి.