వెనక సీటు నాకొద్దు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం చీనీ తోట నుంచి బెళుగుప్పకు వస్తుంటే మా జీపు నడిరోడ్డు మీద ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిర్లు. ఎన్ని వేల మైళ్ళు తిరిగిందో అడిగితే చెప్పలేను. మీటరు ఒకసారి చివరిదాకా పోయి, మళ్ళీ సున్నా నుంచి మొదలై, ఆ తర్వాత విసుగు పుట్టి తనే మానేసింది. నాకు అరవై దాటాయి. చీనీ అంటే కోస్తావాళ్ళు బత్తాయి అనే పండే. ఆ తోట, ఆ జీపు, ఈ రెండే నన్ను ఇంట్లో ముడుచుకుని కూర్చోకుండా కాపాడుతున్నాయి. అందుకే ట్రాక్టరుకు కట్టి రిపేరు షెడ్డుకు లాక్కుపోతుంటే కూడా స్టీరింగు వదలకుండా నేనే కూర్చున్నాను.

షెడ్డు భాయ్ ఇంజను మూత విప్పి చూసి, నన్నూ రమ్మని చూపించాడు. లోపల నీళ్ళు తిరిగే దారులన్నీ తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. "ఎన్నేండ్ల ఉప్పో ఇది! ఇంజను దించి మొత్తం ఇప్పల్ల. లేదంటే పాత ఇనుము కింద తూకానికేసేయండి," అన్నాడు. నా వెనకే వచ్చిన మా పెద్దోడు ఆ రెండో మాట కోసమే కాచుకున్నాడు.

"ఇంగ చాలు మ్మా. కారు తెస్తా. నేను తోల్తా, నువ్వు ఎనక సీట్లో సల్లగా కూచో."

"ఆ రాళ్ళగుండ్ల దారిలో కారు యాడ పోతాదిరా తోటకు?"

"తోట గుత్తకిచ్చేద్దాం లే."

అదీ సంగతి. కారొస్తే తోట కౌలుకు పోతుంది, తోట పోతే నేను వెనక సీట్లోకి పోతాను. వాడు ప్రేమతోనే అన్నాడు, కాదనను. ప్రేమతో అన్నా నాకు ఒళ్ళు మండింది.

ఆ ఉప్పు ఎక్కడిదో నాకు తెలుసు. నేను కాపురానికొచ్చిన కొన్నేళ్ళకు వరుసగా వానలు మొహం చాటేశాయి. మా ఆయన తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. తోట భారమంతా మా మామ మీదా నా మీదా. మా బోరు ఎండిపోయింది. చాలా దూరాన ఒక్క బోరు మాత్రం పోస్తుండేది, అవీ నాలుక మీద పెట్టుకోలేని ఉప్పునీళ్ళు. చెట్లకు మంచివి కావని తెలుసు. కానీ కళ్ళెదుట ఎండి చచ్చేదానికంటే మేలు కదా. ఈ జీపులోనే డ్రమ్ములు పెట్టి ఆ నీళ్ళు తోలాలి. తోలాల్సిన మామకేమో కళ్ళకు పొర కమ్మింది.

ఒకరోజు ఆయన నా చేతిలో తాళం పెట్టి, నన్ను నీళ్ళు లేని చెరువులోకి తీసుకుపోయాడు. చెరువులో జీపు నేర్చుకున్నానంటే ఎవరైనా నవ్వుతారు. కానీ మా దిక్కు చెరువంటే, ఆ రోజుల్లో, జిల్లాలోకెల్లా మంచి మైదానం. "క్లచ్చి మెల్లగా వదులు మ్మా, ఉట్టి మీంచి పాలకుండ దించినట్ల," అనేవాడు. "ఎదురుగా ఏమన్నా వస్తాండాదా?" అని నిమిషానికోసారి అడిగేవాడు. ఆయనకు పొర వల్ల కనపడదు, నాకు భయం వల్ల కనపడదు. అట్లా ఇద్దరు గుడ్డివాళ్ళం కలిసి నేర్చుకున్న విద్య అది. నేను మొదటిసారి డ్రమ్ములేసుకుని ఊళ్ళోంచి పోతుంటే అరుగుల మీదివాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూశారు. "ఏమప్పా, కోడలితో జీపు తోలిస్తాండావే!" అని ఒకాయన వెటకారమాడాడు. మా మామ తల తిప్పకుండానే, "తోలేకి మీసాలు కావల్లనా?" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ అడగలేదు.

అప్పుడు షెడ్డు ఈ భాయ్ వాళ్ళ నాయనది. రేడియేటరుకు మంచినీళ్ళే పొయ్యమని ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. మంచినీళ్ళా! ట్యాంకరొస్తే ఊరంతా బిందెలతో కొట్టుకునే కాలం. నేను ఒకసారి మంచినీళ్ళ చెంబు తీసుకుపోతే మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "మనుషుల నోటికాడి నీళ్ళు ఇనుముకు పోసేదా? పాపం తగుల్తాది. దానికీ ఈ ఉప్పునీళ్ళే పొయ్యి. చెడిపోతే చేపించుకుందాం," అన్నాడు. పోశాను. తెలిసే పోశాను. మా చుట్టుపక్కల ప్రతి ట్రాక్టరుకూ, ప్రతి జీపుకూ అవే నీళ్ళు. దాన్ని తప్పంటే తప్పే. అట్లాంటి ఏడాది మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను. ఆ కరువులో చాలా చెట్లు చచ్చాయి. బతికిన వరసలు మాత్రం కాశాయి. ఆ కాపుతోనే మా పిల్లల చదువులయ్యాయి.

ఇప్పుడు షెడ్డులో భాయ్ చేతులు తుడుచుకుంటూ మా పెద్దోడి మొహం చూశాడు. "ఏం చేద్దామన్నా?"

"ఏమప్పా, తోలేది నేను, అడిగేది వాణ్ణా?" అన్నాను. "ఇంజను దించు. అంతా ఇప్పు. ఎన్ని దినాలైనా కానీ."

"అమ్మా, నీకు వయసైనాది. ఒక్కదానివే ఆ దారిలో పోతాంటే నాకు భయమైతాది," అన్నాడు మా పెద్దోడు. వాడి గొంతులో నిజంగానే దిగులుంది.

"భయమైతే పక్కన కూచోనుండు. నీకు తోలేది నేర్పించింది ఎవురురా?"

వాడు మా ఆయనకు ఫోన్ చేశాడు. మా ఆయన ఇలాంటి తగాదాల్లో ఎవరు గెలిచేట్టుంటే వాళ్ళ పక్షం. "మీ అమ్మ చెప్పినట్ల చెయ్యి," అన్నాడట.

పని పూర్తయిందని కబురొస్తే ఇద్దరం పోయాం. జీపు గుడగుడమంటూ, ఆవిరి లేకుండా, తిన్నగా నిలబడి ఉంది. మా పెద్దోడు అలవాటుగా స్టీరింగు వైపు చెయ్యి చాపాడు. నేను ఆ చేతిని తప్పించుకుని ఎక్కి కూర్చున్నాను. వాడు చుట్టూ తిరిగొచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంటివైపు తిప్పకుండా తోటవైపు తిప్పాను. రాళ్ళ దారి రాగానే వాడు పైనున్న కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. వాణ్ణి చూస్తే జాలేసింది, నవ్వూ వచ్చింది. వేగం మాత్రం తగ్గించలేదు.

నీకు వయసైపోయింది, ఇక దిగమ్మా అని నాతో అనగలిగేది కాలం ఒక్కటే. అది వచ్చి అడిగిన రోజు మారు మాట్లాడకుండా దిగుతాను. అంతదాకా, దాని తరఫున వేరెవరు వచ్చి చెప్పినా వినను.