పెద్దమ్మ మైనం దీపం

పొద్దుటి నుంచి ముసురు పట్టింది. ఉస్మాన్‌గంజ్‌లో లారీ మీది కందిపప్పు బస్తాలు తడవకుండా దించడమే ఆ రోజు పని. టార్పాలిన్ కొస ఒకటి పట్టుకుని నిలబడ్డప్పుడు ఫోన్ మోగింది. నేను అద్దెకుండే ఇంటి ఓనరమ్మ కొడుకు. "అన్నా, అమ్మ పోయింది" అన్నాడు. మిగిలిన బస్తాలు దింపించి, సేటుకు చెప్పి, కార్వాన్‌లోని ఆ ఇంటికి వెళ్ళాను.

ఊరి నుంచి వచ్చి ఆమె ఇంటి పై గదిలో దిగినప్పుడు ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "ఏం తింటవ్ బిడ్డా?" జొన్నరొట్టె అన్నాను. "అది నాకు రాదు. నువ్వే జేసుకొని నాకో ముక్క పెట్టు" అంది. అప్పటి నుంచి పెద్దమ్మ అని పిలిచాను.

ముందు గదిలో అద్దాల షోకేసు ఉండేది. అందులో కొయ్య బొమ్మలు, ప్లాస్టిక్ గులాబీలు, నడుమ ఒక లావా ల్యాంపు. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. పొడుగాటి గాజు బుడ్డి, లోపల పసుపుపచ్చ నీళ్ళు, అడుగున ఎర్ర మైనం. కింద బల్బు వెలిగితే మైనం కరిగి ముద్దలుగా పైకి లేస్తుంది. చల్లబడి దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఒకప్పుడు ముందు గది కొంచెం గొప్పగా కనపడాలని అట్లాంటివి కొని పెట్టుకునేవాళ్ళు. గుమాస్తా పని చేసే పెద్దాయన, అంటే పెద్దమ్మ భర్త, నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ముచ్చటపడి కొన్నారట. "నేను చీర కొనుక్కుందామని పోయిన. దీన్ని ఒళ్ళె పెట్టుకొని రిక్షాల వచ్చిన" అని చెప్పేది.

దీపాల వేళ దేవుడి ముందు వత్తి వెలిగించి, వచ్చి దీని స్విచ్ వేసేది. "అది దేవునికి, ఇది వచ్చేటోళ్ళకు" అనేది. మైనం లేవడానికి చాలాసేపు పడుతుంది. గిన్నె తిరిగిచ్చి పోదామని దిగినా, అది లేచేదాకా నన్ను కూర్చోబెట్టేది. చాయ్ ఇచ్చి ఊరి సంగతులు చెప్పించుకునేది. పట్నంలో నన్ను అట్లా కూర్చోమన్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఒక్క విషయంలో గట్టిగా ఉండేది. వేడి మీద దాన్ని ఎవరూ ముట్టకూడదు. కదిలిస్తే నీళ్ళు మసకబారతాయి, ఇక తేటపడవు. ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా ఆ మాటే వాడేది. "వేడి మీద కదిలియ్యకు. చల్లారనియ్."

పెద్దాయన పోయాక కొడుకు ఇంటికి రంగులు వేయించాడు. షోకేసు పోయి గోడకు టీవీ వచ్చింది. దీపం సజ్జ ఎక్కింది. ఈ వానలు మొదలవగానే పెద్దమ్మ మంచం పట్టింది. ఏం కావాలమ్మా అంటే దీపం దించమంది. పాత బల్బు మాడిపోయి ఉంటే కొడుకు ఎల్ఈడీ పెట్టాడు. వెలుతురు బాగా వచ్చింది. మైనం మాత్రం లేవలేదు.

"పాతదైంది గదమ్మా. మైనం సచ్చిపోయినట్టుంది" అన్నాడు.

"మైనానికి ఏం గాలే. ఎల్తురుంటే సాల్తదారా? సెగ ఉండాలె."

అతను పాత రకం బల్బు కోసం తిరిగాడు. లాడ్ బజార్‌లో గాజుల కొట్లకు లైట్లు అమ్మే ఆయన, వేడి పుట్టే బల్బుల కాలం పోయిందని నవ్వాడట. "గర్మీ వాలా బల్బ్? వో జమానా గయా, భాయ్." కొడుకు ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. "ఎక్కువ దినాలు లేవన్నడు డాక్టరు. అడిగింది గిదొక్కటే అన్నా."

ఊళ్ళో మా అమ్మ వానాకాలం కోడిపిల్లల గంప మీద బల్బు వేలాడదీసేది, వాటికి వెచ్చగా ఉండాలని. అది గుర్తొచ్చి ఇద్దరం కోళ్ళు అమ్మే ముర్గీ చౌక్ పోయాం. గంపల మీద పాత బల్బులు ఎర్రగా వెలుగుతున్నాయి.

"ఎన్ని పిల్లలున్నయ్ భాయ్?" అన్నాడు అమ్మేవాడు.

"పిల్లలకు గాదు, మా అమ్మకు."

"అమ్మను గంపల పెడ్తవా ఏంది?" అని నవ్వి, పెట్టెలోంచి ఒకటి తీసిచ్చాడు.

ఆ సాయంత్రం స్విచ్ వేసి మంచం పక్కన కూర్చున్నాం. చాలాసేపు ఏమీ కాలేదు. కొడుకు బుడ్డి వైపు చెయ్యి చాపాడు. "ముట్టకు" అంది. కాసేపటికి మైనం ఒక పక్క ఉబ్బింది. మెడ సాగింది. తెగి, మెల్లగా పైకి పోయింది. పెద్దమ్మ దాన్నే చూసింది. తర్వాత నా వైపు తిరిగి "చాయ్ తాగినవా?" అంది.

ఆమె పోయేదాకా రోజూ దీపాల వేళకు కొడుకే స్విచ్ వేశాడు.

కర్మలు అయ్యాక, కరీంనగర్ నుంచి వచ్చిన కూతురు ఆ దీపం తీసుకుపోతానంది. తమ్ముడు సరేనన్నాడు. వెళ్ళే రోజు పొద్దున, ఒక్కసారి చూసుకుందామని అతనే దాన్ని వెలిగించాడు. మైనం లేస్తూ దిగుతూ ఉండగానే వాకిట్లో ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఆమె స్విచ్ తీసేసి, తువ్వాలతో బుడ్డిని పట్టుకోబోయింది.

"ఆగక్కా" అన్నాడు. "చల్లారనియ్."

ఆటోను పంపించేశాడు. ఇద్దరూ కుర్చీలు జరుపుకుని దాని ముందు కూర్చున్నారు. ముద్దలు ఒక్కొక్కటే అడుగుకు దిగాయి. బయట వాన తెరిపిచ్చింది. దీపం ఒళ్ళో పెట్టుకుని ఆమె మధ్యాహ్నం బస్సుకు వెళ్ళింది.