జీబ్రా గీతల దగ్గర నా మర్యాద

హైటెక్ సిటీ రోడ్లకు ఇంకా తారు వాసన పోని రోజులవి. ఇప్పటి వాళ్లకి చెబితే నమ్మరు గానీ, అప్పట్లో ఆ రోడ్ల మీద కార్లకంటే గొర్రెలే ఎక్కువ. గల్ఫులో తొమ్మిదేళ్లు బండి నడిపి, ముప్పై నిండకుండానే నేను నార్సింగికి తిరిగొచ్చింది అప్పుడే. (బడిలో చదివింది మూడో తరగతి. మిగతా చదువంతా అక్కడి రోడ్డు బోర్డులే చెప్పాయి, అదీ తిట్టకుండా.) మా ఇంటామె ముందే తేల్చేసింది: "ఇగ మళ్ల పోతనంటే పాస్‌పోర్టు పొయ్యిల పెడ్త. ఈడనే నౌకరి చూస్కో."

దొరికింది. కొత్తగా తెరిచిన కంప్యూటర్ ఆఫీసులో కోస్తా నుంచి వచ్చిన పెద్దసారుకి డ్రైవరు పని. వారం చూసి, నచ్చితే పక్కా చేస్తామన్నారు. మొదటిరోజే గల్ఫు బండ్ల అలవాటు కొద్దీ ఎడమ తలుపు తీసుకుని దర్జాగా కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగు లేదు. "ఏమయ్యా, మరి నడిపేదెవరు, నేనా?" అన్నాడు సారు వెనక సీట్లోంచి. అటు మారాను. ఇండికేటర్ వేద్దామంటే మండుటెండలో వైపర్లు ఆడాయి. పాపం, ఇవన్నీ క్షమించాడు.

మూడోరోజు ఆయనకేదో పెద్ద మీటింగు. మాదాపూర్ దగ్గర రోడ్డు మీద కొత్తగా జీబ్రా గీతలు గీశారు, ఒడ్డున పదిమంది నిలబడ్డారు. గల్ఫులో ఆ గీతల దగ్గర ఆపకపోతే జరిమానా, అందుకే అలా కనబడితే నా కాలు నన్నడక్కుండానే బ్రేకు తొక్కేది. ఆపి, దాటమని చెయ్యి ఊపాను. ఒక్కరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. చివరికి ఒకాయన నెత్తిమీది కూరగాయల గంప దించి, అద్దం దగ్గరికొచ్చి జాలిగా అడిగాడు.

"ఏంది తమ్మీ, బండి ఖరాబైందా?"

"లేదన్నా, మీరు దాటాలని ఆపిన."

"మా కోసం బండెవడాపుతడు! సిగ్గుపడకు, జర న్యూట్రల్‌ల వెయ్యి." వెనక్కి తిరిగి కేకేశాడు: "రాండ్రి, నూకుదాం!"

పెద్దవాడి మాట కాదనలేక వేశాను. పదిమందీ నూకారు. "ఇంజను నడుస్తోందండీ బాబూ! వదలండి!" అని సారు మొత్తుకుంటున్నా వినకుండా, ఎక్కడో ఉన్న పంచరు దుకాణం దాకా చేర్చిగానీ వదల్లేదు. (ఇంత మంచి మనుషులు ఏ దేశంలోనూ లేరు. రోడ్డు దాటడమే రాదు.) మీటింగు పోయింది.

"ఇంకోసారి జనం కోసం ఆపావంటే నువ్వూ అక్కడే దిగిపో," అన్నాడు సారు.

ఉన్నది నాలుగు రోజులు. ఈ నౌకరి పోతే మళ్లీ గల్ఫు ఎడారే. అందుకని కష్టపడి నేర్చుకున్నాను. ఏడోరోజు అవే గీతల మీద హారన్ మోగిస్తూ దూసుకుపోతే, టిఫిన్ డబ్బాతో ఒకాయన డివైడర్ మీదికి ఎగిరి నా ఏడు తరాలనూ తలుచుకున్నాడు. సారు నవ్వాడు: "ఇప్పుడొచ్చావయ్యా ఇండియాకి!" నౌకరి పక్కా అయింది.

ఇన్నేళ్లు పెడళ్లు తొక్కి మోకాళ్లు అరిగాక, ఇప్పుడు అదే రోడ్డు దాటడానికి నాకు ఇరవై నిమిషాలు పడుతోంది. సిగ్గులేనోళ్లు, ఒక్కడూ ఆపడు! చేతికర్ర ఎత్తి అరుస్తాను, "మీకు బండి నడపడం నేర్పినోడెవడ్రా?" అని. అడిగిన మరుక్షణం జవాబుగా నా ఏడోరోజు హారనే గుర్తొచ్చి, కర్ర దించేసి, ఒక్కణ్నే నవ్వుకుంటూ నిలబడతాను.