సున్నం లేని తోలు

మా సైన్సు మాస్టరుగారు పోయారు. మనుబోలు నుంచి తోళ్ళు తెచ్చిన బండివాడు కట్టలు దింపుతూ చెప్పాడు. "మీ బురద మాస్టరు నిన్న పోయినాడంట మేస్త్రీ." చేతిలో తోలు అక్కడే పడేసి బయలుదేరాను. నేను మనుబోలులో ఆయన ఇంటికి చేరేసరికి దహనం కూడా అయిపోయింది.

నాయుడుపేట పక్కన తోళ్ళ షెడ్డులో ముప్పై ఏళ్ళుగా నేను మేస్త్రీని. ఈ పని నాకంటే తెలిసినవాడు ఈ చుట్టుపక్కల లేడు. తోలుకు వెంట్రుక ఊడాలంటే సున్నం తొట్టిలో నానాలి. అందులో దిగి తోళ్ళు తిప్పడం మా తమ్ముడి పని. సున్నం వాడి పాదాలు తినేసి గుంటలు పెట్టింది. ఆ గుంటల్లో గుడ్డపీలికలు కుక్కుకుని మళ్ళీ దిగేవాడు.

మాస్టరుగారు ఒకసారి బడిపిల్లలకు చూపడానికి తోలుముక్క కోసం వచ్చి, ఆ కాళ్ళు చూసి నిలబడిపోయారు. ఉద్యోగం నుంచి రిటైరు కాగానే మా షెడ్డులో ఒక మూల అడిగి తీసుకున్నారు. తడ దాకా పోయి పులికాటు సరస్సు బురద కుండలకెత్తి తెచ్చేవారు.

"ఇందులో కంటికి ఆనని జీవాలుండాయి మేస్త్రీ. తోలు జోలికి పోకుండా వెంట్రుక కుదురు మాత్రం తినేదాన్ని పట్టాల."

"కనపడనిదాన్ని ఎట్ట పడతారు సార్?"

"దొంగను పట్టినట్టే. ఏం తినిందో చూసి."

రెండేళ్ళు పట్టింది. ఉప్పునీళ్ళతో తవుడు ఉడికించి, చల్లార్చి, పాత కుండలోది కొంచెం పెరుగుకు తోడేసినట్టు కలిపేవారు. తడి గోనె కప్పి రెండు రోజులుంచి రసం పిండేవారు. పనిచేసేది ఆ రసంలోని ఎంజైము అని చెప్పారు. మేకతోలుకు పట్టించి మర్నాడు బొటనవేలితో నెట్టి చూశాను. వేడినీళ్ళలో ముంచిన కోడికి ఈకలు ఊడినట్టు వెంట్రుక ఊడి వచ్చేసింది.

తమ్ముడు నవ్వాడు. "అన్నా, అయితే ఇంక నేను చెప్పులేసుకోవచ్చునా?"

మద్రాసు వ్యాపారులు వచ్చి చూస్తారనీ, వాళ్ళకు నచ్చితే సున్నం తొట్లు పూడ్పిస్తాననీ యజమాని అన్నాడు. మాస్టరుగారు సరస్సు నీళ్ళకు తడ పోతూ నాకు ఒకటే చెప్పారు. "తోడుండే ఆ మూడు కుండలు ముట్టుకోబాక. కంపు కొడితే కొట్టనీ. కంపు కొడతా ఉందంటే బతికుందని అర్థం."

నేను ముట్టుకున్నాను. పెద్దమనుషులు వస్తున్నారంటే మేము షెడ్డంతా సున్నం కొడతాం. గోడలకే కాదు, తొట్లకు, కుండలకు కూడా. సున్నం పడనిది మాకు మైలే. నా షెడ్డు కంపు కొట్టిందని మద్రాసువాళ్ళు ముక్కు మూసుకుంటే నాకు పరువుతక్కువ. మూడు కుండలూ ఖాళీ చేసి, లోపలా బయటా సున్నం పట్టించి, తోడు మళ్ళీ పోసి పెట్టాను.

మాస్టరుగారు వచ్చి దాన్నే కలిపారు. వ్యాపారుల ముందు తోలు తీస్తే ఒక్క వెంట్రుక కదల్లేదు.

"ఏంది మాస్టరూ, మీ పురుగులకు ఆకలి చచ్చిందా?" అన్నాడు యజమాని. అందరూ నవ్వారు.

మాస్టరుగారు కుండలో చెయ్యి పెట్టి తీశారు. వేళ్ళకు తెలుపు అంటింది. నా వైపు ఒక్కసారి చూశారు. చెయ్యి పంచెకు తుడుచుకుని, "తవుడు చల్లారకముందే తోడు కలిపినాను. తప్పు నాదే" అన్నారు. ఎవడి ముందూ తల వంచని నేను ఆ రోజు నోరు తెరవలేదు.

యజమాని ఆ మూల ఖాళీ చేయించాడు. తమ్ముడు మళ్ళీ తొట్టిలో దిగాడు. మాస్టరుగారు ఆ తరువాత కూడా ఏళ్ళతరబడి కుండలు పట్టుకుని బస్సులో సరస్సుకు పోయి వచ్చారు. అదే జీవం మళ్ళీ దొరకలేదు. కనపడినప్పుడల్లా "తమ్ముడి కాళ్ళెట్టున్నాయి?" అని అడిగేవారు గాని సున్నం మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అంత పెద్దమనసు భరించడం నా వల్ల కాలేదు.

ఆయన చావింటి నుంచి తిన్నగా తమ్ముడి దగ్గరకు పోయాను. వాడిప్పుడు నడవలేడు. కుండలకు సున్నం కొట్టింది నేనేనని చెప్పాను.

"ఇప్పుడు తొట్లో ఎవురుండారు?" అన్నాడు వాడు.

"నీ కొడుకే గదా."

అప్పుడే వాడి కొడుకు పని దిగి వచ్చాడు. గుమ్మం ముందు నిలబడి చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు. తెల్లటి నీళ్ళు మట్టిలోకి పారాయి. ఇంకో చెంబు పోశాడు. అవీ తెల్లగానే పారాయి.