ఎర్రదాని ఉపవాసం

మా అత్తకు కుక్కలంటే గిట్టదు. ఈ మాట ఆవిడ రోజుకు పదిసార్లు అంటుంది. అంటూనే చేపల పులుసు కలిపిన అన్నం తీసుకెళ్ళి గేటు బయట పెడుతుంది.

ఈ హిందీ రాష్ట్రంలో ఆదిత్యపూర్ దాటాక, చిన్న ఫ్యాక్టరీల షెడ్లు అయిపోయి పొలాలు మొదలయ్యే ఊళ్ళో మేం ఇల్లు కట్టుకున్నాం. సగం ఊరు, సగం కాలనీ. మా వీధిలో ఒక ఎర్ర కుక్క ఉంది. ఎవరిదీ కాదు కాబట్టి మాదే. ఏ జన్మలో ఏం పాపం చేసుకుందో గానీ దానికి ఏడాదికి రెండు కాన్పులు. ఒకసారి మా ఇటుకల కుప్ప వెనక, ఒకసారి ఎదురింటాయన కొత్త కారు కింద. కళ్ళు తెరవని పిల్లల్ని అందరూ ముద్దు చేస్తారు, నెల దాటితే అందరూ రాళ్ళు వేస్తారు. సగానికి పైగా రోడ్డు మీదే పోయేవి.

ఎదురింటాయన ఓర్పు ఆ కారు కిందే అయిపోయింది. ఒకరోజు మా గేటు దగ్గరికొచ్చి, "భాభీ, ఔర్ ఏక్ బార్ బచ్చే దియే తో ఇస్కో నదీ పార్ ఛోడ్ ఆవూంగా" అన్నాడు. ఇంకొక్కసారి ఈనితే దాన్ని నది అవతల వదిలేసి వస్తాడట. ఆయన చెడ్డవాడేం కాదు. అన్నంత పనీ చేసే మనిషి, నా భయం అదే.

సరిగ్గా అప్పుడే మా ఊరి బడిలో రెండు రోజుల క్యాంపు పెడుతున్నారని తెలిసింది. కుక్కలకూ పిల్లులకూ ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు, ఖర్చు కిలో చికెన్ ధరంత. అంతకుముందు టౌన్లో కనుక్కుంటే నా జీతంలో సగం చెప్పారు మహానుభావులు! నేను ఎగిరి గంతేశాను. ముందురోజు సాయంత్రం నుంచి దానికి ఏమీ పెట్టకూడదని చీటీలో రాసిచ్చారు. ఆ సంగతి అత్తకు మూడుసార్లు చెప్పాను.

"నాకేటి సెముడా? ఇనబడింది, ఎల్లు" అంది.

పొద్దున్నే ఎర్రదాన్ని అత్త పాత చీరలో చుట్టి ఆటో ఎక్కించాం. అత్త కూడా ఎక్కింది. దేనికని అడిగితే, ఆటోవాడు సరిగ్గా నడుపుతాడో లేదో చూడ్డానికట.

బడి ఆవరణ తిరనాళ్ళలా ఉంది. నీలం టార్పాలిన్ కింద సిమెంటు బస్తాల్లో పిల్లులు, సైకిల్ బుట్టల్లో కుక్కలు. ఒకాయన తన మగకుక్కను తీసుకొచ్చి, దానికి ఏం కోస్తారో తెలిశాక ముఖం ఎర్రబడి, కుక్కను చంకనెత్తుకుని గేటు దాటిపోయాడు. ఐదు నిమిషాల్లో వాళ్ళావిడ కుక్కనూ ఆయన్నూ కలిపి వెనక్కి లాక్కొచ్చింది. బడి బడంతా పగలబడి నవ్వింది. మా అత్తయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది.

మా వంతు వచ్చింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు ఉంటుంది. "ఖానా తో నహీ దియా?" అంటూ, తిండేమీ పెట్టలేదు కదా అని అడిగింది. "నహీ నహీ" అన్నాను, ఛాతీ విరుచుకుని. ఆవిడ సిరంజి చేతిలోకి తీసుకుంది. అప్పుడు అత్త గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మా! పెరుగన్నం తినేసింది."

మా ఇంట్లో మంచి పనికి బయల్దేరేవాళ్ళెవరూ ముద్ద పెరుగన్నం తినకుండా గడప దాటకూడదు. పరీక్షలకైనా, ఇంటర్వ్యూలకైనా అంతే. ఆ మర్యాద కుక్కకు కూడా జరిపించేసింది మా అత్త! ఆ మాట నేను హిందీలో చెబితే, తిన్న కడుపుతో మత్తిస్తే కక్కుకుని, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణమే పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. రేపు ఒక్కరోజే మిగిలిందనీ, పొద్దున్నే మొదటి నంబరు మాదేననీ అంది.

తిరుగు ఆటోలో నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్ను నమ్మాను చూడు, నన్ననాలి! అది చచ్చిపోయుంటే? మూడుసార్లు చెప్పానా లేదా?" అని అరిచాను.

అత్త ఎర్రదాని తల నిమురుతూ మెల్లగా అంది. "నాకూ ఇలాగే సేసినారే. మా ఊరి బల్లోనే, బల్లల మీద. ఖాళీ కడుపుతో ఎల్లినాను. తోడెవులూ రానేదు. కుట్లతో నడిసొచ్చి, సాయంత్రం పొయ్యి కూడా నానే ముట్టించుకున్నాను. దీన్నలాగ పంపడానికి నాకు మనసొప్పనేదే."

ఆవిడకు ఐదుగురు పిల్లలని నాకు తెలుసు. ఈ ఆపరేషన్ సంగతి మాత్రం కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు. అరిచినందుకు సిగ్గేసింది.

ఆ సాయంత్రం నుంచి ఎర్రదాన్ని వరండాలో కట్టేశాం. అది చూసే చూపులకు రాయైనా కరుగుతుంది. "అది తినకపోతే నానూ తినను. నా సేతిలో ముద్దుంటే దానికి ఎట్టకుండా ఉండనేను" అని అత్త తీర్మానించింది. వాసన తగులుతుందని నన్నూ వండనివ్వలేదు. శనివారాలు ఉపవాసం ఉన్నా టిఫిన్ పేరుతో ఆరిడ్లీలు లాగించే మనిషి, కుక్క కోసం నిజంగా కడుపు మాడ్చుకుంది.

మర్నాడు ఆపరేషన్ అయిపోయింది. గుర్తుగా చెవి కొస కొద్దిగా కత్తిరించారు. మత్తు వదిలేదాకా అత్త బడి వరండాలో కింద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుంది. అది కళ్ళు తెరవగానే, "లెగకే, పడుకో. నానున్నాను కదే" అంది. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చేశాను కూడా.

మా ఆటో ఆగగానే ఎదురింటాయన వచ్చి ఆ చెవి చూశాడు. "అబ్ యహీఁ రహేగీ" అన్నాడు. ఇక ఇక్కడే ఉంటుందట! తనే దాన్ని ఎత్తి మా వరండాలో పడుకోబెట్టాడు.

సాయంత్రం కొంచెం పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట గుర్తొచ్చి అత్త అలవాటుగా వంటింట్లోకి నడిచి, గ్యాస్ లైటర్ తీసింది. నేను వెళ్ళి ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను.

"నువ్వు కూకో అత్తా. ఇయ్యాల పొయ్యి నేను ముట్టిత్తాను."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. వెళ్ళి ఎర్రదాని పక్కన గోడకు చేరబడి కూర్చుంది. వేడన్నం, పప్పు పట్టుకెళ్ళాను. చల్లార్చి మొదటి ముద్ద దానికి పెట్టింది, రెండోది తను తింది.

"ఉప్పు సాలనేదే" అంది, కళ్ళు తుడుచుకుంటూ. మూడుసార్లు వడ్డించుకుంది.